ముందు ఎవరింటికి?

జూన్ 1, సోమవారం

ఒప్పుకున్నారు! ఒప్పుకున్నారు! ఒప్పుకున్నారు!

మూడుసార్లు రాస్తేగానీ నమ్మకం కుదరలేదు. పొద్దున్నే కత్తెరమ్మ ఫోన్ చేసి, "మీ మెట్ల పుస్తకం మేం వేస్తున్నామండీ, కాకపోతే మాటలు సగానికి తగ్గించాలి" అంది. సగమేం ఖర్మ, మొత్తం తీసేయమన్నా తలూపేదాన్ని. పిల్లల పుస్తకాలు వేసే ఆ ఎడిటరుకి కత్తెరమ్మ అని పేరు పెట్టింది నేనే. ఆవిడకి తెలియదు. తెలిసే రోజు రాకూడదు.

ఇన్నేళ్ళూ పాఠ్యపుస్తకాల ఆఫీసులో కూర్చుని కప్ప పొట్టలూ, మనిషి గుండెలూ, చెవి లోపలి నత్తగుల్లలూ గీశాను. ఎంతమంది పిల్లలు వాటికి మీసాలు పెట్టి ఉంటారో లెక్కలేదు. ఎక్కడా నా పేరు లేదు. ఇప్పుడు మాటలూ నావే, బొమ్మలూ నావే, అట్ట మీద పేరూ నాదే. కాలు నేల మీద నిలవడం లేదు. వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. పిడుగు చూసి, "అమ్మా, బొద్దింకా?" అంది.

అసలు ఈ పుస్తకం పుట్టింది మా మెట్ల మీదే. లిఫ్టు లేని ఇల్లు. కింద మేం. మధ్యలో పాటల మాస్టారు, చర్చిలో పాటలు నేర్పిస్తారు. పైన పళ్ళ డాక్టరమ్మ, వాళ్ళ నాన్నగారు, కూతురు గవ్వ. వాళ్ళు మసీదుకు వెళ్ళేవాళ్ళు. ఆ పైన డాబా. ఒకరోజు మా పిడుగూ, ఆ గవ్వా మెట్ల మీద కూర్చుని జుట్లు పట్టుకున్నారు.

"దేవుడు ముందు మా ఇంటికే వస్తాడు. వీధి గుమ్మం పక్కనే మేమున్నాం" అని పిడుగు.

"దేవుడు వీధిలోంచి ఎందుకొస్తాడే? పైనుంచి వస్తాడు. డాబా దిగితే ముందు మా ఇల్లే" అని గవ్వ.

మధ్యలో మాస్టారు తలుపు తీసి, "ఎటునుంచి వచ్చినా మాది రెండోదేనన్నమాట" అని మళ్ళీ వేసుకున్నారు.

ఆ గొడవే పుస్తకం. పేరు కూడా అదే. "ముందు ఎవరింటికి?"

జూన్ 2

ఈయన కళ్ళజోళ్ళ షాపుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పేశారట. చూపు పరీక్ష చార్టు తీసేసి నా పుస్తకమే తగిలిస్తారట. అత్తయ్య మాత్రం, "అందరి దేవుళ్ళనీ ఒక్క పుస్తకంలో ఇరికిస్తే ఎవరికీ కాళ్ళు చాపుకునే చోటుండదే అమ్మాయ్" అంది. అంటూనే, తనని గీసే రోజున ఏ చీర కట్టుకోవాలని అడిగింది.

జూన్ 4, గురువారం

తాతగారు ఒప్పుకున్నారు!

డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. "అక్కా, నాన్న ఫొటోకే నిలబడరు. బొమ్మంటే లేచి వెళ్ళిపోతారేమో." భయపడుతూనే వెళ్ళాను. తాతగారు రైలింజను నడిపి రిటైరైన మనిషి. మాట తక్కువ, ముందుచూపు ఎక్కువ. నేను చెప్పిందంతా విని, కాసేపు కిటికీలోంచి చూసి అన్నారు.

"ముఖం వద్దు తల్లీ. ముఖాలు గీయించుకోవడం మాకు పద్ధతి కాదు. చేతులు గీసుకో. పని చేసింది అవే."

చేతులే గీస్తానన్నాను. మాటిచ్చాను.

ఈ రోజే వెళ్ళడం నా అదృష్టం. ఈ రోజే గవ్వకి ఖురాన్ మొదటి పాఠం. ఇద్దరూ చేతులు కడుక్కొచ్చి కూర్చున్నారు. చెక్క పీట మీద పుస్తకం పెట్టి తెరిచారు. మన పుస్తకాలకి చివరి అట్ట ఉండే వైపు వాళ్ళకి మొదటి అట్ట. అటునుంచి తెరుచుకుంటుంది, అటునుంచే వరస నడుస్తుంది. ఇంతకాలం ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నాం, ఇది ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆయన కుడిచేతి వేలు వరస కింద. ఆ వేలి పక్కనే గవ్వ వేలు, దాని గోటికి నా పిడుగు పూసిన రంగు. ఆయన ఒక మాట చెబుతారు, గవ్వ అంటుంది. తప్పు పోతే ఆయన కోప్పడరు, వేలు వెనక్కి జరుపుతారు, అంతే. మళ్ళీ మొదలు.

పెన్సిలు లేకుండా నేరుగా సిరాతో గీశాను. అక్షరాలు చదవడం రాదు కాబట్టి తీగలు గీసినట్టు వంపు వంపూ చూసి దింపాను. చెరిపే అవసరం రాలేదు. నా జన్మలో ఇంత మంచి బొమ్మ గీయలేదు. ఇది పొగరు కాదు. పోనీ, పొగరే.

జూన్ 19

మాస్టారి ఇల్లు అయింది. నలుగురు పాడుతుంటే ఆయన చేత్తో తాళం వేస్తున్న బొమ్మ. నోళ్ళన్నీ తెరుచుకుని ఉన్నాయి. డాక్టరమ్మ చూసి, "అక్కా, ఆ మూడో ఆయన్ని నా దగ్గరికి పంపు, పిప్పి పన్ను" అంది.

జులై 13, సోమవారం

కత్తెరమ్మ దగ్గర రెండు గంటలు. మాటలు తెగ్గోసింది. బొమ్మల మీద ఒక్కటే ఫిర్యాదు. పిల్లల బొమ్మల పుస్తకంలో మనుషులు పేజీ తిప్పే వైపు చూడాలట, అంటే కుడివైపు. అప్పుడే పిల్లలకి తరువాతి పేజీలోకి వెళ్ళాలనిపిస్తుందట. నావాళ్ళు ముగ్గురు, అత్తయ్యా, మాస్టారూ, తాతగారూ (ఆయనవి చేతులే అయినా), ఎడమవైపు తిరిగి ఉన్నారు. "వెనక్కి పోతున్నట్టుంది కథ" అంది.

నిజమే కదా. ఇంటికొచ్చి కంప్యూటర్లో ముగ్గురినీ తిప్పేశాను. ఒక్క మీట నొక్కితే బొమ్మ మొత్తం అటుది ఇటవుతుంది. ముగ్గురూ బుద్ధిగా కుడివైపు తిరిగారు. కథ పరుగెత్తుతోంది!

పాఠ్యపుస్తకాల ఆఫీసులో అయితే మా పెద్దసారు చంపేసేవారు. "మనిషి బొమ్మని తిప్పావో, కాలేయం వలస పోతుంది, గుండె కుడివైపుకి కాపురం మారుస్తుంది" అని రోజూ చదివేవారు. ఆయన భయానికి చెవి బొమ్మ తిప్పాలన్నా వణికేదాన్ని. ఇప్పుడా బెడద లేదు. ఇందులో కాలేయాలు లేవు. స్వేచ్ఛ!

జులై 14

అత్తయ్య తన పేజీ చూసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని, తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఏమే అమ్మాయ్, నన్నెప్పుడు ఎడమచేతివాటం దాన్ని చేశావు? దేవుడి దగ్గర దీపం ఎడంచేత్తో వెలిగిస్తానా? నలుగురూ చూస్తే నవ్విపోరూ?"

తిప్పడం వల్ల వచ్చిన తంటా. కాఫీ చల్లారేలోపు చెయ్యి మార్చి గీసేశాను. ఇప్పుడు కుడిచెయ్యే. ఆవిడ సంతోషించి, చీర అంచు ఇంకొంచెం వెడల్పు చేయమంది. చేశాను.

జులై 23, గురువారం

పంపేశాను. అన్ని పేజీలూ. ఇంట్లో అందరికీ జడిసి బాత్రూములోకి వెళ్ళి కేక పెట్టాను.

జులై 26, ఆదివారం

గవ్వ వచ్చింది. తాతగారి పేజీ నా బల్ల మీద ఉంటే చాలాసేపు చూసింది. వేలు గోరు దాని గోరేనని గుర్తుపట్టి మురిసిపోయింది. తరువాత, "ఆంటీ, ఇందులో తాతయ్య అప్పుడే చివరిదాకా వచ్చేశాడేంటి? నాకింకా మొదట్లోనే కదా చెబుతున్నాడు" అంది.

ఎంత ముద్దుగా అంది! పిల్లలు బొమ్మలోకి దిగిపోయి కథలు అల్లుకుంటారు. "నువ్వు త్వరగా నేర్చేసుకుంటావని అలా గీశాను" అన్నాను. అది నమ్మినట్టు లేదు. బిస్కెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

మంచి పుస్తకమంటే ఇదే. ఒక్కో పిల్ల ఒక్కోటి చూస్తుంది.

ఆగస్టు 18, మంగళవారం

ప్రెస్సుకి వెళ్ళాను! నా పేజీలు మిషను మింగి ఉమ్ముతుంటే చూశాను! సిరా వాసన, ఆ చప్పుడు, కాళ్ళ కింద నేల అదరడం. పుస్తకం రెండే రెండు పెద్ద ఫారాలు. ఒక్కో కాగితం మీద సగం పుస్తకం అచ్చవుతుంది, తరువాత మడతపెట్టి కోస్తారు. మొదటి ఫారంలో మేం, మాస్టారు. రెండో ఫారంలో తాతగారు, చివర డాబా మీద పిల్లలందరూ చేతులు పట్టుకున్న బొమ్మ. ఆ డాబా బొమ్మ కత్తెరమ్మకి ప్రాణం. నాకు అంతంతమాత్రం.

ఫోర్‌మన్ గారు, "మీరేనా రాసింది, గీసింది? రెండూ?" అని అడిగి, చెయ్యి తుడుచుకుని మరీ రెండు ఫారాలు చుట్టి ఇచ్చారు. ఇరవై తొమ్మిదో తేదీన బడిలో పుస్తకాల పండగట. అన్ని బడుల వాళ్ళూ వచ్చి తరగతి గదులకి పుస్తకాలు ఎంచుకుంటారట. మాది అక్కడ విడుదల. ఎంచుకుంటే పిల్లల చేతుల్లోకి వెళుతుంది. లేకపోతే గోడౌనులో చెదలు చదువుకుంటాయి.

చుట్ట చంకన పెట్టుకుని బస్సులో నిలబడే వచ్చాను. సీటుంది. కూర్చోవాలనిపించలేదు.

ఆగస్టు 19, బుధవారం

ఎలా రాయను.

అందరూ వెళ్ళాక తలుపేసుకుని, బీరువా అద్దం ముందు నిలబడి, ఫారం గుండెల దగ్గర పట్టుకున్నాను. రచయిత్రి ఎలా ఉంటుందో చూసుకుందామని. సిగ్గు లేకుండా అదే రాస్తున్నాను. తల కాస్త వంచి కూడా చూసుకున్నాను.

అద్దంలో నా తెలుగు మాటలన్నీ తిరగబడి ఉన్నాయి. తాతగారి పుస్తకం మాత్రం సరిగ్గా ఉంది.

ముందు అర్థం కాలేదు. తాతగారి కుడిచెయ్యి. తాతగారి వైపునుంచి తెరిచిన పుస్తకం. జూన్‌లో నేను చూసిన బొమ్మ, నేను గీసిన బొమ్మ, అద్దంలో ఉంది. కాగితం మీద ఎడమచెయ్యి ఉంది. కాగితం మీద పుస్తకం తప్పు వైపు నుంచి తెరుచుకుంది. నేను తీగ తీగా దింపిన అక్షరాలన్నీ ఎదురు దారి పట్టాయి. మొదటి పాఠం కాబట్టి ఒకవైపు పల్చగా, ఇంకోవైపు ఒత్తుగా గీశాను పేజీలు. తిప్పేసరికి వాళ్ళ లెక్కలో పుస్తకం అయిపోవచ్చింది.

"తాతయ్య అప్పుడే చివరిదాకా వచ్చేశాడేంటి?"

ఎంత ముద్దుగా అందో అని రాసుకున్నాను. దాని నెత్తిన బిస్కెట్టు పెట్టి పంపాను.

గుండె ఎడమవైపు ఉండాలని తెలుసు నాకు. కాలేయం కుడివైపని తెలుసు. కప్పక్కూడా ఏది ఎటో తెలుసు.

ఆగస్టు 19, మళ్ళీ

ఎవరూ గమనించరు. చిన్న బొమ్మ. పిల్లలు గవ్వ గోరు రంగే చూస్తారు. కత్తెరమ్మ గమనించిందా? లేదు. ఫోర్‌మన్ గారు? లేదు. బాగుంది, చాలా బాగుంది అన్నారు. పుస్తకం ముఖ్యం. పుస్తకం చెప్పేది ముఖ్యం. ఒకరినొకరు గౌరవించుకోవాలని చెప్పే పుస్తకం ఒక చిన్న బొమ్మ కోసం ఆగిపోతే ఎవరికి లాభం?

తాతగారికీ చూపు అంతంతమాత్రమే.

ఆగస్టు 20

రాత్రి భోజనాల దగ్గర ఈయనతో ఊరికే అన్నట్టు అన్నాను, తాతగారికి పాపం చూపు మందగించింది కదా అని.

"ఎవరన్నారు? మొన్ననే కొత్త అద్దాలు నేనే వేసిచ్చాను. ఇప్పుడు చీమ కాళ్ళు కూడా లెక్కపెట్టగలరు."

కంచం తీసేశాను. ఎవరూ గమనించరు అని నిన్న రాశాను. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా అదే అనుకుంటుంది.

ఆగస్టు 21, శుక్రవారం

వెళ్ళాను. ఏమీ దాచుకోకుండా రాస్తాను. ఆయన "పర్లేదు" అంటారని వెళ్ళాను. ఆ మాట వినడానికే వెళ్ళాను.

ఫారం విప్పి చూపించి జరిగింది చెప్పాను. తాతగారు కొత్త కళ్ళజోడు సవరించుకుని చూశారు. వేలు వరస మీద పెట్టబోయి, ఎటు పెట్టాలో తెలియక ఆగిపోయారు. అది చూడలేకపోయాను.

"పర్లేదు తల్లీ. నువ్వు కావాలని చేశావా ఏంటి" అన్నారు.

అన్నారు! నాకు కావలసిన మాట అన్నారు. లేవబోయాను. ఆయన ఫారం మెల్లగా చుట్టి నా చేతికిస్తూ అన్నారు.

"గవ్వకి మాత్రం చూపించకమ్మా. దానికిప్పుడిప్పుడే అలవాటవుతోంది."

అంతే. కోపం లేదు. అది ఎప్పుడో చూసేసిందని చెప్పలేకపోయాను. నా పుస్తకాన్ని తన మనవరాలి కంటపడకుండా పెట్టుకోమని నన్నే బతిమాలారు. ఏ పిల్ల గోరు రంగు చూసి ఆ బొమ్మ గీశానో ఆ పిల్లకే చూపించకూడని పుస్తకం చేశాను. మెట్లు దిగుతుంటే మాస్టారు పలకరించారు. వినపడనట్టు వచ్చేశాను.

సాయంత్రం అత్తయ్య అడిగితే బయటపడిపోయాను. ఏడుపు. ఆవిడ పమిట కొంగుతో నా ముఖం తుడుస్తూ, "నా చెయ్యి ఎడమదైతే కాఫీ చల్లారకుండానే మార్చావు. ఎందుకంటే నేను ఇంట్లో ఉన్నాను, నోరుంది, అడిగాను. ఆయన పైన ఉన్నాడు, అడగలేదు. అంతేగా?" అంది.

"పర్లేదన్నారు అత్తయ్యా."

"నీ పెళ్ళిలో మావాళ్ళకి వేడినీళ్ళు పెట్టలేదు మీవాళ్ళు. నేనూ పర్లేదన్నాను. ఇప్పటిదాకా మరిచిపోయానా?"

ఏడుస్తూనే నవ్వొచ్చింది. వెంటనే కత్తెరమ్మకి ఫోన్ చేశాను.

ఆవిడ ముందు నమ్మలేదు. తరువాత గబగబా మాట్లాడింది. రెండో ఫారం మొత్తం మళ్ళీ అచ్చు వేయాలి. మిషను వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఇరవై తొమ్మిది తప్పితే పుస్తకం వచ్చే ఏడాదే. (ఆవిడ భాషలో వచ్చే ఏడాదంటే ఎప్పటికీ కాదని నాకు తెలుసు.) పైగా బొమ్మని మామూలుగా తిప్పేస్తే తాతగారి చేతులు మళ్ళీ ఎడమవైపు తిరుగుతాయి, కథ మళ్ళీ వెనక్కి పోతుంది. "ఆలోచించుకోండి. రేపు పొద్దున చెప్పండి. మీ పుస్తకం, మీ ఇష్టం" అంది.

నా పుస్తకం.

ఆగస్టు 22, శనివారం

దొరికింది! దొరికింది! దొరికింది!

పొద్దున పిడుగూ గవ్వా డాబా మీంచి దిగుతున్నారు, కాళ్ళు కొట్టుకుంటూ, కేకలు పెట్టుకుంటూ. పైన తలుపు తెరిచి తాతగారు "పాఠం" అని ఒక్క మాట పిలిచారు. గవ్వ లోపలికి, పిడుగు కిందికి. రోజూ జరిగేదే. నేను చేట చేతిలో పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయాను.

పుస్తకంలో తాతగారి ఇల్లు ముందు, డాబా చివర. ఎందుకు? పిల్లలు ముందు డాబా మీద ఆడతారు, తరువాత పాఠానికి దిగుతారు. రెండు బొమ్మల చోట్లూ మార్చేస్తే? డాబా ముందుకి, తాతగారు చివరి పేజీకి? రెండూ ఒకే ఫారంలోనే ఉన్నాయి కదా!

చివరి పేజీలో ఆయన చేతులు ఎటు తిరిగి ఉంటాయి? ఎడమవైపు, పుస్తకం లోపలికి. ఆయన పుస్తకం ఎక్కణ్ణుంచి మొదలవుతుంది? సరిగ్గా అక్కణ్ణుంచే! మన పుస్తకం అయిపోయే చోట!

చేట పడేసి ఫోన్ అందుకున్నాను. కత్తెరమ్మ విని, "కానీ పాత్రలు పేజీ తిప్పే వైపు తిరిగి ఉండాలి కదండీ" అంది, మొండిగా.

"తిరిగే ఉన్నారండీ! ఆయన పేజీ తిరిగేది అటే!"

అవతల కాగితాలు అటూ ఇటూ తిప్పుతున్న చప్పుడు. అప్పుడు కత్తెరమ్మ అంది. "నేను ఇరవై ఏళ్ళుగా ఆ మాట అందరికీ చెబుతున్నాను. పేజీ ఎటు తిరుగుతుందని ఒక్కళ్ళూ అడగలేదు." ఆ వెంటనే, "ఫోర్‌మన్‌తో నేను మాట్లాడతాను. డాబా బొమ్మ మధ్యలోకి పోతుందన్నమాట. నాకు ప్రాణమది, తెలుసా" అంది.

తెలుసు. పెద్ద మనసు ఆవిడది. పేరు మార్చాలేమో. కత్తెరమ్మే బాగుంది, ఉండనీ.

మధ్యాహ్నమంతా పేజీలన్నీ మళ్ళీ చూశాను, ఒక్కొక్కటి, అద్దంలో కూడా. మాస్టారి చేతి గడియారం కూడా అటు చేతికి మారిపోయింది. మేడెక్కి వెళ్ళి అడిగాను. ఆయన పడీపడీ నవ్వి, "నాకు ఏ చేతిదైనా ఒకటే, ఎలాగూ ఆలస్యంగానే వెళతాను" అన్నారు. ఇది నిజమైన పర్లేదు. ఇప్పుడు తేడా తెలుస్తోంది.

తాతగారి అక్షరాలు మాత్రం ఆయన దగ్గరికే తీసుకెళ్ళి ఒక్కో వంపూ చూపించాను. రెండు చోట్ల చుక్క జరపమన్నారు. జరిపాను. ముందే వెళ్ళుంటే పోయేది.

ఆగస్టు 24

ఫోర్‌మన్ గారు రేపు పొద్దున పెద్ద పని మొదలయ్యేలోపు మా ఫారం వేసిస్తామన్నారు. మడతపెట్టి కుట్టేవాళ్ళు మాత్రం లేరట. పండగకి కావలసినన్ని పుస్తకాలు మేమే కుట్టుకోవాలి. కుట్టుకుంటాం! అట్టలకి జిగురు పెట్టమన్నా పెడతాం!

ఆగస్టు 26, బుధవారం

చేతులు నొప్పి. వేళ్ళకి దారం కోతలు. ఇంత మంచి రోజు ఎప్పుడు గడిపానో గుర్తులేదు.

మా ఇంట్లోనే. కాగితాల కట్టలు ఆటోలోంచి దింపగానే ఈయన నేల మీద పరచబోయారు. డాక్టరమ్మ ఏదో అనబోయి మొహమాటపడి ఆగింది. అత్తయ్య వంటింట్లోంచే గదమాయించింది.

"నేల మీద పెట్టకురా! అందులో వాళ్ళ గ్రంథం ఉంది. కాళ్ళు తగలవూ?"

డాక్టరమ్మ నాకేసి చూసింది. "మా నాన్న కూడా ఇదే అంటారు అక్కా. నేనే నోరు నొక్కుకున్నాను."

"నోరెందుకు నొక్కుకుంటావే పిల్లా, పళ్ళ డాక్టరువి" అంది అత్తయ్య. దీపానికైనా గ్రంథానికైనా కాళ్ళు తగలకూడదన్న దగ్గర ఇద్దరిదీ ఒకే చట్టం. భోజనాల బల్ల, ఇస్త్రీ బల్ల, మాస్టారింటి నుంచి మోసుకొచ్చిన రెండు బెంచీలు, అన్నీ కాగితాలతో నిండిపోయాయి. అన్నం మాత్రం మేం నేల మీద కూర్చునే తిన్నాం.

నేను మడత. డాక్టరమ్మ సూది. చిగుళ్ళు కుట్టే చెయ్యి కదా, కుట్టు సన్నగా, వరసగా. మాస్టారు మడత మీద చెంచా వెనకవైపుతో రుద్దుతూ పాడారు. ఈయన కొలత తప్పినవాటిని పట్టుకుని, "దీనికి మెల్లకన్ను" అంటూ పక్కన పెట్టారు. తాతగారు సాయంత్రం దిగి వచ్చి, కూర్చుని, కట్టలు సమానంగా సర్దారు. ఆయన ముందున్నవి మొదటి ఫారాలే. అక్షరాలు సరిచూశారు గానీ, అవి చివరి పేజీకి వెళ్ళాయని ఆయనకి తెలియదు. నేను చూపించలేదు. పుస్తకంగానే చూడాలి ఆయన.

గవ్వకి కొత్తది ఇంకా చూపించలేదు. తాతగారు అడిగారు కదా.

ఆగస్టు 28

నిద్ర పట్టదు. పట్టనక్కర్లేదు.

ఆగస్టు 29, శనివారం

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు. ముందు రాసేస్తాను.

బడి హాలు. పిల్లల కుర్చీలు, పిల్లల ఎత్తు బల్లలు. పెద్దవాళ్ళందరం మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాం. మా పుస్తకం ఎర్రగా, చిన్నగా, చేత్తో కుట్టింది కాబట్టి కాస్త ఉబ్బుగా ఉంది. పక్క బల్లల మీద నున్నటి పుస్తకాల ముందు మాది అప్పుడే నిద్ర లేచినట్టుంది. కత్తెరమ్మ ఒక్కో పుస్తకాన్నీ అరచేత్తో అదుముతూ నిలబడింది.

బడుల తరఫున ఎంచుకునే మేడమ్ వచ్చి తిరగేసింది. చివరి పేజీ దగ్గర ఆగి, "ఈయన చేతులు వెనక్కి తిరిగి ఉన్నాయేమండీ?" అంది. నేను నోరు తెరిచేలోపు కత్తెరమ్మ, "వెనక్కి కాదండీ, ఆయన పేజీ తిరిగే వైపు" అంది, అది తను పుట్టినప్పటి నుంచీ నమ్ముతున్న సంగతన్నట్టు. మేడమ్ పుస్తకం మూసి, ఇటు తెరిచి, అటు తెరిచి, మళ్ళీ ఇటు తెరిచింది. తరువాత తన కాగితం మీద ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో కత్తెరమ్మకి కనపడింది. నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే నేను కెవ్వుమన్నాను.

ఎంచుకున్నారు! అన్ని బడులకీ!

కానీ నేను రాయాలనుకున్నది అది కాదు.

తాతగారు వచ్చారు. వస్తారనుకోలేదు. ఇస్త్రీ చొక్కా, కొత్త కళ్ళజోడు, పక్కన గవ్వ. చిన్న కుర్చీలో జాగ్రత్తగా కూర్చున్నారు. నేను పుస్తకం చేతిలో పెట్టాను. చివరి పేజీ చూడండి అని చెప్పాలని పొద్దుటి నుంచీ మాటలు కూర్చుకున్నాను.

చెప్పే అవసరమే రాలేదు. ఆయన పుస్తకాన్ని ఒడిలో పెట్టుకుని, అలవాటు చొప్పున, తన వైపునుంచి తెరిచారు.

తెరవగానే ఆయన చేతులు. చెక్క పీట. కుడిచెయ్యి. మొదటి పేజీ దగ్గర తెరిచిన పుస్తకం. ఆయనకి అదే మొదటి పేజీ.

బొమ్మలోని వేలి పక్కన తన వేలు పెట్టారు. ఈసారి వేలికి దారి తెలిసింది. చాలాసేపటికి తలెత్తి నాకేసి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి, పొద్దున ఈయనే తుడిచిచ్చారు.

"ఇప్పుడు దానికి చూపించొచ్చు తల్లీ" అన్నారు.

గవ్వ అప్పటికే ఆయన చెయ్యి కిందనుంచి దూరిపోయింది. బొమ్మలోని వరస మీద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని, పైకి చదివింది. నా బొమ్మని చదివింది! నాకే చదవడం రాని నా బొమ్మని! చదివేసి, హాలంతా వినపడేలా అరిచింది.

"పిడుగూ! పుస్తకంలో ముందు మా ఇల్లే!"

పిడుగు ఊరుకుంటుందా? ఇంకో పుస్తకం లాక్కుని ఇటువైపు నుంచి తెరిచి, అత్తయ్య దీపం పేజీ గవ్వ ముక్కుకి ఆనించింది. "కళ్ళు లేవా? ముందు మా ఇల్లు!"

"ఇటునుంచి చూడవే!"

"నువ్వు ఇటునుంచి చూడు!"

పుస్తకాలు మార్చుకున్నారు. ఇది అటునుంచి, అది ఇటునుంచి తిప్పుకుంటూ వచ్చాయి. మధ్యలో డాబా బొమ్మా, మాస్టారి పాటా ఎదురయ్యాయి. ఇద్దరూ ఒకేసారి తలెత్తి నన్ను చూశారు, తప్పు నాదన్నట్టు.

"అమ్మా, నువ్వే చెప్పు. ముందు ఎవరింటికి?"

వెనక చిన్న కుర్చీలోంచి పాటల మాస్టారు, "ఎటునుంచి చూసినా మాది మధ్యలోనే" అన్నారు. తాతగారు గట్టిగా నవ్వారు. ఆయన నవ్వడం నేను వినడం ఇదే మొదటిసారి.